పధ్నాలుగో గడి

దరఖాస్తులో పధ్నాలుగో గడి
ఎప్పుడూ ఆఖరికే మిగులుతుంది.
"ఈ జంతువే ఎందుకు?"
కింద నాలుగు వరుసల ఖాళీ.
కిటికీ అవతల గ్రోనింగెన్ వాన
సైకిలు సీట్ల మీద అడ్డంగా కురుస్తోంది.

మొదట చిట్టెలుక అని రాద్దామనుకున్నాను.
చవక. గుప్పెట్లో పడుతుంది. మూడు వారాలకో కాన్పు.
దాని వంశవృక్షం
నాదానికన్నా పద్ధతిగా రాసిపెట్టి ఉంది.
కానీ మన వైరస్‌ని దాని ముక్కులో వేస్తే
గుమ్మం కనపడని చుట్టంలా
కాసేపు గోడచుట్టూ తిరిగి వెళ్ళిపోతుంది.
చిట్టెలుక మీసాలు దువ్వుకుంటుంది.

గుమ్మం మనమే కోసి పెట్టొచ్చు,
మనిషి జన్యువొకటి దాని ఒంట్లో కుట్టి.
వేరే వైరస్ కోసం అలా పెట్టారు కొందరు.
వచ్చినది ఊపిరితిత్తుల్లో ఆగక
మెదడు దాకా పోయింది.
మనిషికి మామూలుగా రాని చావు చచ్చింది చిట్టెలుక.
ఆ చావుని చూసి
మనిషి దగ్గు గురించి నేనేం నేర్చుకోను?

గినీ పంది తుమ్మదు, మూలగదు,
పక్క గూటికి మాత్రం గుట్టుగా అంటిస్తుంది.
మా ఎల్ట్యో బాబాయి అచ్చం ఇంతే.
ఇంటిల్లిపాదికీ జలుబు పంచిపెట్టి
తను కాలవ మీద స్కేటింగుకి పోయేవాడు.

పత్తి ఎలుక సంగతి విట్‌స్కే చెప్పాలి.
ముప్పై ఏళ్ళుగా ఈ జంతుశాల తాళాలు ఆమె నడుముకే.
"తోక పట్టుకున్నావో,
తోలు నీ చేతిలో, ఎలుక బీరువా కింద!"
ఎడమ బొటనవేలి మీద మూడు గాట్లు చూపించింది.
"పసివాళ్ళ ఊపిరి పట్టేసే వైరస్‌కి మాత్రం ఇదే సరైనది.
మా మనవరాలు ఏడు నెలలకే పుట్టిన చలికాలం
దానికి పొడిచిన మందు
ముందు ఈ గయ్యాళి ఒప్పుకున్నాకే బయటికొచ్చింది."

హ్యామ్‌స్టర్ మంచి రోగి.
వారంలో చిక్కి, మళ్ళీ వారానికి
బుగ్గల నిండా గింజలు కుక్కుకుంటుంది.
కానీ ఆ రోగం వేరు. నాది ఫ్లూ.

ఇక ఫెరెట్.
పొడుగు మెడ, దొంగచూపు, కస్తూరి కంపు.
వైరస్ వెతుక్కునే చక్కెర
మనకున్న చోటే దానికీ ఉంది.
జ్వరమొస్తుంది. ముక్కు కారుతుంది.
తుమ్ముతుంది, మనలాగే, కళ్ళు మూసుకుని.
రాశాను: మనిషికి బాగా దగ్గర.
రాసి చదువుకుంటే
కారణంలా లేదది,
ఎవరో నా మీద రాసిన ఫిర్యాదులా ఉంది.

బుధవారం కమిటీ.
శాస్త్రం తెలియదనే పిలిచిన సభ్యుడొకడున్నాడు,
రొట్టెల కొట్టు ఫ్రేర్క్.
గోళ్ళలో ఇంకా పిండి.
"అంత దగ్గరైతే చెయ్యెలా వస్తుంది?
చెయ్యొచ్చేంత దూరమైతే, దాంతో ఏం పని?"
కాఫీలు చల్లారాయి.
పన్నెండు అడిగాను, ఎనిమిది ఇచ్చారు.

ఎనిమిదిలో రెండిటి రక్తం
పరీక్షలోనే పోయింది.
పెంచిన చోట ఎవడో కూలివాడి ఫ్లూ
ముందే తగిలి తగ్గిపోయిందట.
అందుకే ఇక్కడ మాస్కులు:
మొదటివారం అంతా
వాటి నుంచి మనకి కాదు,
మన నుంచి వాటికి.

వైరస్ వేసిన రెండో రోజు, తొమ్మిదీ నలభై.
మూడో గూట్లోది తల ఎత్తింది,
ముక్కు ముడిచింది,
తుమ్మింది.
గుండె ఒక్క గంతేసింది నాకు. పనిచేసింది!
నా పక్కన, ప్లాస్టిక్ ముసుగు లోపల్నుంచి,
విట్‌స్కే అలవాటుకొద్దీ అనేసింది,
ఈ దేశంలో ఎవరు తుమ్మినా అనే మాట:
"ఆరోగ్యం!"

ఫెరెట్ ఆమె వైపు చూసింది.
గాలి మిషను హోరు.
నేను రాసుకున్నాను: తుమ్ము, ఒకటి.
ఆమె మాటకి ఏ గడీ లేదు.
అంచున పెన్సిలుతో రాసి,
చెరిపేశాను.
కాగితం కాస్త పలచబడింది అక్కడ.